బార్బడోస్‌లో బస: ముందు ఏ ఒడ్డో చూసుకోండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కరీబియన్ దీవుల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి, విమానాల సంగతి, ఖర్చుల సంగతి అన్నీ రాశారు. కానీ అక్కడికి వెళ్ళాక ఎక్కడ దిగాలన్నది మాత్రం "బీచ్ పక్కనే హోటల్ తీసుకుంటే మంచిది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. సరిగ్గా అలాంటి మాట నమ్మే పోయినేడాది మా సెలవుల్లో మూడు రోజులు పాడయ్యాయి. ఇంకెవరికీ అలా కాకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మేం వెళ్ళింది బార్బడోస్‌కి. నేను, మా వారు, ఇద్దరు పిల్లలు, బాపట్ల నుంచి మా దగ్గరికి వచ్చిన అత్తయ్య. ఆవిడకి 68 ఏళ్ళు. సూర్యలంకలో మోకాలిలోతు నీళ్ళలో నిలబడి పెరిగిన మనిషి, అక్కడ కూడా అలాగే కాసేపు నీళ్ళలో నిలబడాలి, సాయంత్రం ఇసుకలో కూర్చోవాలి, అంతకు మించి ఏమీ అడగలేదు. నేనేమో ఫొటోలు చూసి తూర్పు తీరంలో బాత్‌షెబా దగ్గర ఒక గెస్ట్‌హౌస్ బుక్ చేశాను. కిటికీ తీస్తే సముద్రం, నీళ్ళలో గుడిసెలంతేసి బండరాళ్ళు, చూడటానికి రెండు కళ్ళూ చాలవు. వెళ్ళాక తెలిసింది, అది దిగే సముద్రం కాదని. అట్లాంటిక్ కెరటాలు అడ్డూ ఆపూ లేకుండా వచ్చి అక్కడే విరుచుకుపడతాయి. సర్ఫింగ్ చేసేవాళ్ళకి ఆ చోటంటే ప్రాణం, సూప్ బౌల్ అంటారు దాన్ని. మాకు మాత్రం గెస్ట్‌హౌస్ ఆవిడ మొదటిరోజే చెప్పేసింది, పిల్లల్ని దిగనివ్వొద్దని. మూడు రోజులు పొద్దున్నే టాక్సీ కట్టించుకుని దీవి ఆ చివరికి వెళ్ళి సాయంత్రం మళ్ళీ రావడమే సరిపోయింది. అత్తయ్య ఏమీ అనలేదు, కానీ ఆవిడ ముఖం చూస్తే నాకు చాలా బాధేసింది.

చిన్నప్పుడు స్కూల్లో చదివిన వాణిజ్య పవనాలే దీనంతటికీ కారణం. అక్కడ గాలి దాదాపు ఏడాది పొడవునా తూర్పు, ఈశాన్యం వైపు నుంచే వీస్తుంది. కాబట్టి ఎదురుగాలి తగిలే తూర్పు ఒడ్డున కెరటాలు ఎక్కువ, దీవి చాటున ఉండే పడమటి ఒడ్డున నీళ్ళు చాలా రోజులు చెరువులా ఉంటాయి. బార్బడోస్ మొత్తం కలిపి 34 కిలోమీటర్ల పొడవు, 23 కిలోమీటర్ల వెడల్పు, అంత చిన్న దీవిలోనే రెండు పక్కలా రెండు వేరే సముద్రాలున్నట్టుంటుంది. వేరే దీవుల్లోనూ చాలావరకు ఇంతే. అరుబాలో ఈగిల్ బీచ్, పామ్ బీచ్ ఉన్నది పడమటి వైపే. సెయింట్ లూసియాలో ఎక్కువమంది దిగే రాడ్నీ బే వాయవ్యంలో ఉంది, పెద్ద విమానాశ్రయం మాత్రం దక్షిణాన ఆ చివర, మధ్యలో కొండదారి గంటన్నర. చిన్నపిల్లలతో రాత్రిపూట దిగేవాళ్ళు ఆ దారి సంగతి ముందే చూసుకోవాలి.

బార్బడోస్‌లో పడమటి తీరం అంటే హోల్‌టౌన్, పేన్స్ బే, ముల్లిన్స్, పైన స్పైట్స్‌టౌన్. ప్లాటినం కోస్ట్ అని పేరు, రేట్లు కూడా దానికి తగ్గట్టే ఉంటాయి. నీళ్ళు మాత్రం పెద్దవాళ్ళకీ పిల్లలకీ చాలా నిమ్మళం. ఆ ఒడ్డున నీడకోసం చెట్టు కింద కూర్చునేముందు ఒకసారి చూసుకోండి, మాంచినీల్ అనే విషపు చెట్లుంటాయి, చాలాచోట్ల మానుకి ఎర్ర గీత గీసి ఉంటుంది. వాన పడేటప్పుడు దాని కింద నిలబడినా ఒళ్ళు బొబ్బలెక్కుతుంది, దాని కాయ పిల్లల చేతికి అస్సలు అందనివ్వకండి.

మాలాంటి మధ్యతరగతి కుటుంబానికి సరిపోయేది దక్షిణ తీరం. నాలుగో రోజున వర్దింగ్‌లో రోడ్డుకి అవతల, బీచ్‌కి రెండు నిమిషాల నడకలో, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్‌కి మారిపోయాం. అక్కడి నుంచి మా సెలవులు మొదలయ్యాయి! నడిచి వెళ్ళేంత దూరంలో సూపర్‌మార్కెట్, ఇంటి ముందే బస్సు. ప్రభుత్వ బస్సులు నీలం, ప్రైవేటు మినీబస్సులు పసుపు, తెల్ల వ్యాన్లు కూడా తిరుగుతుంటాయి, ఎక్కితే మూడున్నర బార్బడోస్ డాలర్లు, అంటే 1.75 అమెరికన్ డాలర్లు. రెండు బార్బడోస్ డాలర్లు ఒక అమెరికన్ డాలర్‌కి కట్టేసి ఉంటాయి కాబట్టి లెక్క తేలిక. పొద్దున్నే హేస్టింగ్స్ నుంచి రాక్లీ వైపు సముద్రం పక్కనే కట్టిన నడకదారిలో అత్తయ్య మాకంటే ముందు నడిచేది. దక్షిణాన కెరటాలు కొంచెం ఉంటాయి, పడమరంత ప్రశాంతం కాదు, తాబేళ్ళని చూడాలన్నా అలల్లేని నీళ్ళు కావాలన్నా బస్సెక్కి రాజధాని బ్రిడ్జ్‌టౌన్ దగ్గర కార్లైల్ బేకి వెళ్ళిపోవచ్చు. రాత్రి త్వరగా పడుకునేవాళ్ళు సెయింట్ లారెన్స్ గ్యాప్ నడిబొడ్డున గది తీసుకోవద్దు, అది బార్లూ పాటలూ ఉండే వీధి.

ఇంకో సంగతి. బార్బడోస్‌లో బీచ్‌లన్నీ ప్రజలవే, ఏ హోటల్ ముందైనా ఇసుకలో మీరు తువ్వాలు పరుచుకోవచ్చు. అలాంటప్పుడు సముద్రానికి ఆనుకున్న గదికి రెట్టింపు డబ్బులు ఎందుకు పెట్టాలి?

తిండి విషయంలో శాకాహారులు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి. అన్నీ కలిపిన ప్యాకేజీ రిసార్ట్‌కి మనిషికి ఇంతని ముందే కట్టేస్తాం, మందూ చేపలూ ముట్టని మనిషి అంత డబ్బుకి తినేది మాకరోనీ పై, అన్నం, వేయించిన అరటి. అదే వంటగది ఉంటే ఇంటి నుంచి తెచ్చుకున్న చారుపొడితో చారు పెట్టుకోవచ్చు. బయట బంగాళాదుంప, శనగలు పెట్టిన రోటీలు దొరుకుతాయి, కారంగా పెప్పర్ సాస్ కూడా. చేపలు తినేవాళ్ళయితే శుక్రవారం రాత్రి దక్షిణ తీరంలోనే ఉన్న ఆయిస్టిన్స్ చేపల బజారుకి వెళ్ళకుండా రావొద్దు, మా వారు ఇప్పటికీ ఆ చేప గురించే చెప్తారు.

ఎప్పుడు వెళ్తున్నారన్నది కూడా బస తీసుకునేముందు చూసుకోవాల్సిందే. డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా రేట్లు మండిపోతాయి. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా తుపాన్ల కాలం, గదులు చవక. 2024 జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్‌లో మనవాళ్ళు టీ20 ప్రపంచకప్ గెలిచాక బెరిల్ తుపానుకి విమానాలు ఆగిపోయి హోటల్లోనే ఉండిపోయారు, అందరికీ గుర్తుండే ఉంటుంది. కాబట్టి ఆ నెలల్లో డబ్బు వాపసు రాని గది బుక్ చేయకండి, తర్వాత టెన్షన్ పడాలి. ఇంకా సర్గాసం అనే గోధుమరంగు నాచు ఒకటుంది, 2011 నుంచి చాలా ఏళ్ళు వేసవిలో తూర్పు, దక్షిణ తీరాలకి గుట్టలుగా కొట్టుకొస్తోంది, కుళ్ళితే పాడైన గుడ్ల వాసన. బుక్ చేసే ముందు ఆ వారంలో అతిథులు తీసిన ఫొటోలు చూడండి, హోటల్ వాళ్ళు పెట్టిన ఫొటోలు ఎప్పటివో మనకి తెలియదు.

సంపాదకులకి ఒక మనవి. ఇకమీదట ఏ దీవి గురించి వేసినా పక్కన ఒక చిన్న మ్యాప్ వేయండి, గాలి ఏ వైపు నుంచి వీస్తుందో ఒక బాణం గుర్తు పెట్టండి, మీరు చెప్పే హోటళ్ళు ఏ ఒడ్డున ఉన్నాయో చుక్కలు పెట్టండి. అర పేజీ కూడా పట్టదు.

ఒక పాఠకురాలు,
ఎడిసన్, న్యూజెర్సీ