నదీతీర విభాగం వార్షిక నివేదిక, 2024–25

గౌరవనీయులైన సభ్యులకు,

యార్క్‌షైర్‌లోని మన తెలుగు సంఘం తరఫున నదీతీర విభాగం ఈ ఏడాది ప్రధానంగా చేపట్టిన పని, ఇక్కడి నదుల్లో ఉండే, రొయ్యను పోలిన డెక్కల జీవులైన క్రేఫిష్‌లలో స్థానిక జాతినీ, బయటి నుంచి వచ్చి పడిన జాతినీ వేరుగా గుర్తించడం సభ్యులకు నేర్పడం. బ్రిటన్‌లో స్థానిక జాతిగా పరిగణించేది తెల్ల డెక్కల క్రేఫిష్ ఒక్కటే. 1970లలో సాగు కోసం తెప్పించిన అమెరికా సిగ్నల్ క్రేఫిష్ పెంపకపు చెరువుల నుంచి తప్పించుకుని నదులకెక్కింది. గట్లలో బొరియలు తవ్వి ఒడ్డు కూలేలా చేయడమే కాక, తనకు పెద్దగా హాని చేయని క్రేఫిష్ ప్లేగు అనే రోగాన్ని మోసుకొచ్చి స్థానిక జాతిని ఏరుకు ఏరే తుడిచిపెడుతోంది.

గుర్తింపు శిక్షణలో అందరూ మొదట పరిమాణాన్నీ రంగునూ చూశారు. సిగ్నల్ క్రేఫిష్ పదిహేను సెంటీమీటర్లు దాటగలదు, స్థానికమైనది పన్నెండు దాటడం అరుదు. అయితే సిగ్నల్ పిల్లలు కూడా చిన్నవిగా, గోధుమరంగులో ఉంటాయి కనుక ఈ కొలత ఒక్కటే నమ్మదగినది కాదు. సిగ్నల్ డెక్క పైభాగం నునుపుగా, అడుగు ఎర్రగా ఉంటుంది. డెక్క వేళ్లు కలిసే కీలు దగ్గర తెలుపు లేదా లేత నీలి మచ్చ కనిపిస్తుంది. స్థానిక జాతి డెక్క గరుకుగా, అడుగున పాలిపోయిన రంగులో ఉంటుంది. తలకూ వీపుకూ మధ్యనున్న గాడి వెనుక రెండు పక్కలా చిన్న ముళ్లుంటాయి. సిగ్నల్‌కు అక్కడ ముళ్లుండవు. అడుగు చూడాలని ఎత్తడం మాత్రం కూడదు: 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతిపత్రం లేకుండా స్థానిక క్రేఫిష్‌ను పట్టడం నేరం. పైనుంచి స్పష్టమైన ఫోటో తీస్తే చాలు.

సిగ్నల్‌ను పట్టి ఇగురు పెట్టుకుంటే నదికీ మేలే కదా అని కొందరు అడిగారు. ఆ ఆలోచన రావడం సహజమే కానీ, ఏ క్రేఫిష్‌కైనా బుట్ట వేయాలంటే పర్యావరణ సంస్థ అనుమతి తప్పనిసరి. పైగా బుట్టల్లో ఎక్కువగా పెద్దవే పడతాయి. పిల్లలను తినే పెద్దవి తగ్గితే పిల్లలు మరిన్ని బతుకుతాయి. అందువల్ల విభాగం దీన్ని ప్రోత్సహించదు.

ప్లేగు తడి బూట్లతో, వలలతో కూడా వ్యాపిస్తుంది. కాబట్టి ఒక ఏటి నుంచి మరో ఏటికి వెళ్లేముందు సామగ్రిని శుభ్రంగా కడిగి పూర్తిగా ఆరబెట్టడాన్ని నియమంగా పెట్టుకున్నాము. ఒకే రోజు రెండు ఏర్లకు వెళ్లేవారికి వేరే జత బూట్లు కొనేందుకు వచ్చే ఏడాది బడ్జెట్‌లో నిధి కేటాయించవలసిందిగా సర్వసభ్య సమావేశాన్ని కోరుతున్నాము.