మాగని ఎరువు చేలో చల్లకు

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

ఎరువు కుప్ప చల్లబడింది, ఇక చేలో చల్లేస్తానని రాశావు. ఆగు తల్లీ. చల్లబడినంత మాత్రాన ఎరువు మాగినట్టు కాదు. తడి ఆరిపోయినా, లోపలికి గాలి ఆడకపోయినా వేడి తగ్గిపోతుంది.

ముందు కుప్ప నడిమధ్య నుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండి చూడు. ఒకటి రెండు చుక్కలు రాలితే పదును సరిపోయినట్టే. పొడిపొడిగా రాలితే నీళ్లు చల్లుతూ తిరగెయ్యి. నీళ్లు ధారగా కారితే ఎండుగడ్డి కలుపుతూ తిరగెయ్యి. అంచుల్లో ఉన్నది మధ్యలోకి పోవాలి. లోపల 55 డిగ్రీలు దాటి కొన్నాళ్లు నిలిస్తేనే కలుపు గింజలు, తెగుళ్ల బూజులు చాలావరకు చస్తాయి. అంచులకు ఆ వేడి తగలదు. తిరగేశాక మళ్లీ వేడెక్కిందంటే ఇంకా మాగాల్సింది ఉందన్నమాట.

నీ కుప్పలో గడ్డే ఎక్కువ, నాకు భయం అక్కడే. ఒక పాలు నత్రజనికి 30 పాళ్ల దాకా కర్బనం ఉంటే కుప్ప చురుగ్గా మాగుతుంది. ఎండుగడ్డిలో కర్బనం 60 పాళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. సగం చివికిన గడ్డి నేలలో పడితే, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు తక్కువపడిన నత్రజనిని మట్టిలోంచి లాక్కుంటాయి. ఎరువు వేసినా పైరు పాలిపోతుంది, నీకేమో టెన్షన్. అందుకే తిరగేసేటప్పుడు పేడ, పచ్చి ఆకు, గింజ కట్టని కలుపు పొరలుగా వెయ్యి.

మాగిందో లేదో తేల్చుకోవడానికి గుప్పెడు తడి ఎరువు ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి వారం ఉంచు. విప్పినప్పుడు మట్టి వాసన రావాలి. పులిసిన వాసన వచ్చినా, ముక్కు మండినా ఇంకా ఆగాల్సిందే.

కోత అయ్యాక చేలో మిగిలిన కొయ్యకాళ్లు కాల్చేద్దామా అన్నావు. వద్దమ్మా, ఆ మాట చదివి మనసు చివుక్కుమంది. వాటిలోని నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. బూడిదలో పొటాష్ మిగులుతుంది గానీ, మట్టిని గుల్లగా ఉంచి తడిని పట్టే సేంద్రియ పదార్థం కాలిపోయాక ఎక్కడి నుంచి తెస్తాం? వాటినీ కోసి ముక్కలు చేసి, పేడ, పచ్చి ఆకు కలిపి కుప్పలోనే వెయ్యి.

అదను దాటిపోతుందనుకుంటే ఈ పంటకు ఈ ఎరువు లేకుండానే విత్తు, తర్వాతి పంటకు వేద్దువు గాని. వానలు మొదలయ్యేలోపు కుప్ప మీద మందంగా గడ్డి కప్పు, లేకపోతే సారమంతా కొట్టుకుపోతుంది. సంచి విప్పాక వాసన ఎలా ఉందో రాయి.

మీ నాన్న