అసైన్‌మెంట్లన్నీ ఒకే అచ్చులో పోస్తారా?

సంపాదకులు గారికి,

పదిరోజుల కిందట మీ జిల్లా పేజీలో, అన్ని విభాగాల అసైన్‌మెంట్లకూ ఇక ఒకటే ఫార్మాట్ అని ఒక వార్త వేశారు. దాని కిందే, ఈ కాలం పిల్లలకు సొంతంగా నాలుగు వాక్యాలు రాయడం చేతకావడం లేదని ఒక పెద్దాయన వ్యాసం. రెండూ చదివిన రోజే రాద్దామనుకున్నాను. సెమిస్టర్ సీజన్, ఊపిరి సలపలేదు. యూనివర్సిటీ రోడ్డులో జిరాక్స్, డీటీపీ, స్పైరల్ బైండింగ్ షాపు నాది. మీ విలేకరి ఒక్క సాయంత్రం మా కౌంటరు దగ్గర నిలబడి ఉంటే ఆ వార్తకు 'సంస్కరణ' అని పేరు పెట్టేవారు కాదు.

యూనివర్సిటీ పంపిన ఆ సర్క్యులర్ ప్రకారం డిగ్రీ అయినా పీజీ అయినా, ఏ సబ్జెక్టు అయినా ఇంట్రడక్షన్, ఆబ్జెక్టివ్స్, మెథడాలజీ, ఫైండింగ్స్, కన్‌క్లూజన్ ఉండి తీరాలి. టైమ్స్ న్యూ రోమన్ ఫాంటు, సైజు 12. తెలుగు ఎమ్మే వాళ్లకూ అదే! ఆ ఫాంటులో 'అ' అనే అక్షరం ఎక్కడుందో సర్క్యులర్ రాసినవారు వచ్చి నా కంప్యూటర్‌లో చూపిస్తే ఆ రోజు ప్రింట్లన్నీ ఉచితం. చివర్లో, ఎంత శాతం కాపీ ఉందో సాఫ్ట్‌వేర్‌లో చూపించి, పదికి మించలేదని సర్టిఫికెట్ జతచేయాలట.

మా టేబుల్ మీదకు రోజూ వచ్చేవి చూడండి. కెమిస్ట్రీ రికార్డులో కుడివైపు గీతల పేజీలో ఎయిమ్, ప్రిన్సిపుల్, ప్రొసీజర్ రాస్తారు. ఎడమవైపు తెల్లపేజీలో పెన్సిల్‌తో బొమ్మ, బ్యూరెట్ రీడింగుల పట్టిక. 'నాకు ఇలా అనిపించింది' అని అందులో రాస్తే సారు ఎర్ర సిరాతో కొట్టేస్తారు, కొట్టేయాలి కూడా. ప్రొసీజర్ క్లాసు మొత్తానికీ ఒకటే ఉంటుంది, ఉండాలి. ఒకడు పిపెట్‌తో 20 మి.లీ. తీసుకుంటే ఇంకొకడు కొత్తదనం కోసం 23 తీసుకోడు కదా. ఆ పిల్లవాడి సొంతం అనదగ్గవి రీడింగులే. మరి సాఫ్ట్‌వేర్ పట్టుకునేది దేన్ని? అందరికీ ఒకటే ఉండాల్సిన ప్రొసీజర్‌ని. పట్టుకోలేనిది దేన్ని? జవాబు ముందే రాసుకుని వెనక్కి లెక్కకట్టి పట్టికలో నింపిన రీడింగుల్ని. లోలకం ప్రయోగంలో జి, అంటే గురుత్వ త్వరణం విలువ 980 రావాలని తెలుసు కాబట్టి, స్టాప్‌వాచ్ ముట్టుకోకుండానే మా బెంచీ మీద కూర్చుని కాలిక్యులేటర్‌తో సెకన్లు పుట్టించే మహానుభావులు ఏటా వస్తారు. వాళ్ల రికార్డులు దర్జాగా పాస్. అసలు దొంగతనం అదీ!

లా కాలేజీ పిల్లలది వేరే లోకం. మూట్ కోర్టు అంటే ప్రాక్టీసు కోసం కాలేజీలో నడిపే ఉత్తుత్తి కోర్టు, దానికి రాసిచ్చే వాదన కాగితం మెమోరియల్. అందులో కేసు వివరాలు, తేలాల్సిన ప్రశ్నలు, వాదనలు, చివర కోర్టుని కోరుకునే ప్రేయర్ ఉంటాయి. రెండు వైపులా సమానంగా తూచి రాస్తే మార్కులు పోతాయి, ఎందుకంటే ఆ పిల్ల తన క్లయింటు తరఫున మాత్రమే మాట్లాడాలి. అదే పిల్ల తర్వాతి కేసులో అవతలి పక్షాన అంతే గట్టిగా రాయాలి. తీర్పులోని మాటలు అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాయాలి, సొంత మాటల్లో పెడితే జడ్జి ఊరుకోడు. మొన్న ఒక అమ్మాయి మెమోరియల్ తెచ్చి, "అంకుల్, మెథడాలజీ ఎక్కడ పెట్టమంటారు? ప్రేయర్‌కి ముందా, తర్వాతా?" అని అడిగింది. ఏం చెప్పను? ఇక ఫైండింగ్స్ అంటారా, ఏది నిజమని తేలిందో చెప్పాల్సింది బెంచీ మీద కూర్చున్న జడ్జీలు. లాయరే ఫైండింగ్స్ కూడా రాసుకొస్తే ఆ బెంచీ దేనికి?

నిజానికి లా వాళ్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. లా చదువుకు రూల్సు పెట్టే బార్ కౌన్సిల్ 2008లో తెచ్చిన నిబంధనల్లో, డ్రాఫ్టింగ్ పేపర్లో ప్లీడింగ్స్, అంటే కోర్టులో వేసే కాగితాలు రాయడం మీద 15 ఎక్సర్‌సైజులకు 45 మార్కులు, దస్తావేజులు రాయడం మీద 15 ఎక్సర్‌సైజులకు ఇంకో 45, వైవాకు 10 అని విడమర్చి పెట్టారు. మూట్ కోర్టులు మూడు, ఒక్కోదానికి 10 మార్కులు, అందులో సగం రాతకు, సగం వాదనకు. ఎంత శ్రద్ధగా అమలవుతోందన్నది వేరే సంగతి. కనీసం ఈ వృత్తిలోకి వచ్చేవాడు ఏం రాయగలగాలి అని ఒకరు కూర్చుని ఆలోచించారు. మిగతా విభాగాల్లో ఆ ఆలోచన ఎవరు చేశారో కాస్త చెప్పండి.

తెలుగు, చరిత్ర పిల్లల బాధ ఇంకో రకం. వాళ్లు పద్యం ఎత్తి రాయాలి, శాసనం ఎత్తి రాయాలి, ఆ తర్వాత దాని గురించి తమకేం తోచిందో చెప్పాలి. అక్కడే 'నాకు అనిపించింది'కి చోటుంది. నన్నయ పద్యం నాలుగు పాదాలూ యథాతథంగా రాస్తే కాపీ శాతం పెరుగుతుందని భయపడి, పద్యాన్ని సొంత మాటల్లోకి మార్చి తెచ్చాడు ఒక కుర్రాడు. నన్నయని సొంత మాటల్లో! వాణ్ని ఏమీ అనలేకపోయాను, సర్టిఫికెట్ అడిగింది వాడు కాదు కదా.

అసలు ఈ పది శాతం ఎక్కడిది? సర్క్యులర్‌లో, యూనివర్సిటీలకు రూల్సు పెట్టే యూజీసీ కాపీ కొట్టడం మీద 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం అని ఘనంగా రాశారు. చదువుకున్నవాళ్లు రాసిందే కదా అని వదిలేయకుండా, ఆ నిబంధనలు మా షాపులోనే ప్రింటు తీసి చదివాను. అవి థీసిస్‌లకు, డిసర్టేషన్లకు, పరిశోధన పత్రాలకు. అసైన్‌మెంట్లు, టర్మ్ పేపర్లు, ప్రాజెక్టు రిపోర్టులు, వ్యాసాలు, జవాబు పత్రాలు వీటి కిందకు రావని నిర్వచనాల దగ్గరే స్పష్టంగా ఉంది. ఇంకా ఉంది. మూలం చెప్పి ఉటంకించిన భాగాన్ని, చట్టాల పాఠాన్ని, ప్రామాణిక సమీకరణాలను, రిఫరెన్సుల జాబితాను లెక్కలోంచి తీసేయాలని కూడా ఉంది. అంటే లా పిల్ల రాసిన సెక్షనూ, తెలుగు పిల్లవాడి పద్యమూ, ఫిజిక్స్ సమీకరణమూ పరిశోధన థీసిస్‌లో సైతం నేరం కాదు. డిగ్రీ అసైన్‌మెంట్లో మాత్రం నేరం! ఇంతమంది ప్రొఫెసర్లు, డీన్లు సంతకాలు చేసిన కాగితంలో, తాము పేరెత్తిన రూలు మొదటి పేజీలు చదివినవారు ఒక్కరూ లేరా? సర్క్యులర్‌నే ఆ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూడాలని మా కుర్రాడు ముచ్చటపడుతున్నాడు. మూడో పేజీలో ఇంకో రాష్ట్రం యూనివర్సిటీ పేరు చెరపడం మర్చిపోయారు మరి.

ఆ పెద్దాయన వ్యాసంలో తప్పంతా ఫోన్లది, రీల్సుది, చాట్‌జీపీటీది అన్నారు. ఫోన్లు రాకముందు కూడా ప్రాజెక్టులు అమ్ముడుపోయాయండీ. అమీర్‌పేట సందుల్లో బీటెక్ ప్రాజెక్టులు రిపోర్టుతో సహా ప్యాకేజీగా దొరికిన రోజులు ఆయనకు గుర్తులేవేమో. బీఈడీ లెసన్ ప్లాన్ రికార్డులు రెడీమేడ్‌గా రాసిచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఎవరూ చదవరని తెలిసిన కాగితాన్ని ఎవరు కష్టపడి రాస్తారు? కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ టీమ్ వస్తోందంటే చాలు, మూడేళ్ల అసైన్‌మెంట్లు రాత్రికి రాత్రి కావాలి. కలర్ కవరు, లోగో, స్పైరల్. లోపలి పేజీల్లో టిక్కు మార్కు తప్ప ఒక్క వ్యాఖ్య కనిపించదు. సార్లని పూర్తిగా అనలేను. ఏళ్ల తరబడి పోస్టులు భర్తీ చేయకుండా, గెస్ట్ ఫ్యాకల్టీకి గంటల లెక్కన జీతమిస్తూ, వంద అసైన్‌మెంట్లు దిద్దమంటే టిక్కే పడుతుంది. జీతం కూడా నెలనెలా అందదని వాళ్లే చెప్తుంటారు, జిరాక్స్ డబ్బులు ఖాతాలో రాయమంటూ.

ఒక్కటి చెప్తాను. మన ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పిల్లలకు, జనంలోకి వెళ్లి పనిచేసి రాసుకొచ్చే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని ఉంది. లాగ్‌బుక్‌లో ఏ రోజు ఏం చేశారో ఒక గడి, ఏం నేర్చుకున్నారో ఒక గడి. ఒక బీకాం అబ్బాయి ఊళ్లో తిరిగి, వేలిముద్ర పడక రేషన్ షాపు నుంచి రెండుసార్లు వెనక్కి వచ్చిన ముసలమ్మ సంగతి రాశాడు. పొలం పనుల్లో అరిగిపోయిన ఆమె వేళ్లు, డీలర్ అన్న మాట, ఆటో ఖర్చు ఎంతయిందో అన్నీ తెలుగులో, సొంత దస్తూరీతో. నేను ఇన్నేళ్లలో చూసిన అసైన్‌మెంట్లలో అంత బాగా రాసింది తక్కువ. మర్నాడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఇది ఫార్మాట్లో లేదు, ఇంగ్లిష్‌లో 'అవేర్‌నెస్ వాజ్ క్రియేటెడ్' అని మార్చి టైపు చేయించమన్నారట. టైపు చేసిచ్చాను. పెద్దాయన అంటున్న రాయడం రాని పిల్లల్లో ఇప్పుడు వాడూ ఒకడు.

అయ్యా, కోరేది పెద్దదేం కాదు. ప్రతి విభాగం సెమిస్టర్ మొదట్లో ఒక్క పేజీ కాగితం ఇవ్వాలి. మా సబ్జెక్టులో రాయడమంటే ఇది, సొంతంగా ఉండాల్సింది ఇది, ఎత్తి రాయొచ్చు అన్నది ఇది అని. కిందటేడు బాగా రాసినవి రెండు, పేర్లు తీసేసి లైబ్రరీలో పెట్టాలి. శాతం సర్టిఫికెట్ అసైన్‌మెంట్లకు అక్కర్లేదని రిజిస్ట్రార్ గారు మీ పత్రికలోనే ప్రకటించాలి, అదీ ఈ నెలాఖరు గడువులోపే. ఆ సర్టిఫికెట్ కోసం బయట నెట్ సెంటర్లలో ఒక్కో పిల్లవాడి దగ్గర రెండొందలు గుంజుతున్నారు. పోయిన వారం హాస్టల్ పిల్లలు ముగ్గురు డబ్బులు చాలక అసైన్‌మెంట్లు మా షాపులోనే వదిలి వెళ్లారు. ఇంకా ఇక్కడే ఉన్నాయి.

ఇట్లు,
ఒక డీటీపీ షాపు యజమాని
(పేరు వేయకండి. మా కస్టమర్లలో సార్లూ ఉన్నారు, ఖాతా బాకీ కూడా ఉంది.)