పొగ పట్నంలో, దోమ వరిమడిలో

సంపాదకులకు,

మొన్న పొద్దున ఎనిమిదింటికి మా వీధిలో ఫాగింగ్ బండి తిరిగింది. ఎందుకయ్యా అంటే "మెదడువాపు దోమలకు సార్" అన్నాడు బండి మీది కుర్రాడు. ముప్పయ్యేళ్లు మలేరియా శాఖలో చేసి రిటైరైనవాణ్ణి, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ దోమ ఆ వేళకు మా వీధిలో ఎందుకుంటుంది?

ఈ మెదడువాపును, అంటే జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌ను మోయడంలో అన్నిటికన్నా గట్టిది క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్. ఆ పేరుకు నోరు తిరగక మేం వరిమడి దోమ అనేవాళ్లం. మురుగుకాల్వల్లో పుట్టేది దీని దాయాది. వరిమడి దోమ మాత్రం నాట్లేసిన మళ్లలో గుడ్లు పెడుతుంది, పగలు గడ్డిలో, పొదల్లో నక్కుతుంది, పొద్దుగూకాక గొడ్లపాకల చుట్టూ మూగుతుంది. టార్చిలైటు పట్టుకుని, గాజు గొట్టంతో పీల్చి ఎన్ని పట్టానో లెక్కలేదు. గొట్టంలో అడ్డు గుడ్డ ఊడిందంటే దోమ నేరుగా గొంతులోకే. ఆ రుచీ తెలుసు.

ఇంతటి దోమ కూడా కుట్టిన ప్రతిసారీ జబ్బు అంటించలేదు. అది తాగిన రక్తంలో వైరస్ ఉండాలి. ఆ వైరస్ దాని పేగు గోడ దాటి లాలాజల గ్రంథులకు చేరాలి. అందుకు దాదాపు పది రోజులు. ఈలోపు దోమ చస్తే అంతటితో సరి. ఇక రక్తం ఎవరిదన్నది అసలు సంగతి. దీనికి ఇష్టం గొడ్డు రక్తం. గొడ్ల వల్ల దోమలు పెరుగుతాయి గానీ, మరో దోమకు అంటేంత వైరస్ గొడ్డు ఒంట్లో పెరగదు, మనిషి ఒంట్లోనూ పెరగదు. పెరిగేది పందుల్లో, కొంగల్లో. పెద్ద పందిని చూస్తే జబ్బున్నట్టే తెలియదు.

1999 అక్టోబరు, నవంబరుల్లో అనంతపురం జిల్లాలో మెదడువాపు ప్రబలినప్పుడు నన్ను డెప్యుటేషన్ మీద పంపారు. కాల్వ కింది ఒక పల్లెలో బడి గోడ వెనకే పందుల దొడ్డి, దాని వెనకే వరి. అక్కడ ఫిట్సు వచ్చిన ఒక పిల్లాడు బతికాడు. కుడిచెయ్యి మాత్రం మళ్లీ స్వాధీనంలోకి రాలేదు. మెదడువాపు దాకా వెళ్లినవాళ్లలో నూటికి 20 నుంచి 30 మంది చనిపోతారు, బతికిన చాలామందికి ఇలాంటిదేదో మిగులుతుంది. దీనికి మందు లేదు, టీకా ఉంది.

కాబట్టి ఫాగింగ్ ఫొటోలు వేసే విలేఖరులు ఈసారి మూడు ప్రశ్నలు అడగండి. పందుల దొడ్లు ఇళ్లకు దూరంగా జరిగాయా? మళ్లను మధ్యమధ్య ఆరబెట్టి తడిపే ఆరుతడి పద్ధతి గురించి రైతులకు ఎవరైనా చెప్పారా? టీకా ఇచ్చే జిల్లాల్లో తొమ్మిది నెలలకు ఒకటి, పదహారు నెలలు దాటాక మరొకటి, రెండు డోసులూ పిల్లలందరికీ పడ్డాయా?

బండి తిప్పక తప్పదంటే, చీకటి పడే వేళకు కాల్వ గట్టు వైపు తిప్పమనండి.

– ఒక విశ్రాంత మలేరియా సబ్ యూనిట్ ఆఫీసర్, నంద్యాల