కుక్క కాటు వార్త కింద ఒక్క వాక్యం వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను ప్రకాశం జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుని. కుక్కలు ఎంతమందిని కరిచాయో, పంచాయతీ వాళ్లు ఏమన్నారో మీ జిల్లా పేజీలో తరచూ చదువుతుంటాను. కరిచిన వెంటనే ఏం చేయాలో మాత్రం ఆ వార్తల్లో కనపడదు.

మొన్న వేసవిలో ఎనిమిదేళ్ల పిల్లాణ్ణి వాళ్ల నాయనమ్మ ఆటోలో తీసుకొచ్చింది. పొద్దున కరిస్తే సాయంత్రానికి వచ్చారు. పిక్క మీద పంటి గాట్లు, వాటి నిండా కారం, పైన పాత చీర పీలికతో కట్టు. కుళాయి కింద కాలు పెట్టించి సబ్బుతో కడిగితే నీళ్లు ఎర్రగా కారం కారంగా పారాయి. ఆ పదిహేను నిమిషాలూ వాడు నా భుజం వదల్లేదు. "మంట పుడితే విషం చస్తుందనుకున్నానమ్మా" అని ఆ పెద్దావిడ ఒకటే ఏడుపు.

ఆమెకు చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. రేబిస్ (పిచ్చికుక్క జబ్బు) సోకిన కుక్క చొంగలో ఉండే వైరస్‌కి పైన కొవ్వు పొర ఉంటుంది. గిన్నె జిడ్డును వదిలించినట్టే సబ్బు ఆ పొరను విడగొట్టేస్తుంది. కారం, సున్నం పుండును రేపడం తప్ప ఇంకేమీ చేయవు.

మామూలుగా ఒంట్లోకి క్రిమి వస్తే తెల్ల రక్తకణాలు పసిగట్టి మీద పడతాయి. జ్వరం, వాపు ఆ పోరాటం వల్లే. రేబిస్ అలా దొరకదు. కండలోంచి నరంలోకి దూరి, నరం వెంటే మెదడుకు పాకుతుంది. రక్తంలో తిరిగే కణాలకు దాని జాడ సరిగా అందదు. మెదడుకు చేరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ లోపే టీకాతో ఒంటిని సిద్ధం చేయాలి. వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు ఒంట్లో తయారవడానికి వారం నుంచి రెండు వారాలు కావాలి కాబట్టి, రక్తం వచ్చిన గాయమైతే అంతవరకు కాపుగా ఇమ్యునోగ్లోబులిన్‌ను, అంటే ముందే తయారుగా ఉన్న యాంటీబాడీలను, గాయంలోనే ఇస్తారు. జబ్బు లక్షణాలు బయటపడ్డాక మాత్రం కాపాడే మందు లేదు.

పెద్దవాళ్లకు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం ఇంకా పోలేదు. గొర్రె మెదడుతో చేసే ఆ మందు మన దేశంలో ఆగిపోయి దాదాపు 20 ఏళ్లయింది. ఇప్పుడు మేం భుజం చర్మంలోకి సన్న సూదితో, మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో ఇస్తున్నాం.

నాకు టెన్షన్ అంతా ఆ చివరి డోసు గురించే. రిజిస్టర్‌లో 28వ రోజు గడి ఎన్నోసార్లు ఖాళీగా ఉంటుంది. ఫోన్ చేస్తే "పుండు మానిందిగా మేడం, మిరప కోతలున్నాయి" అంటారు. పైన చర్మం మానినా, లోపల రక్షణ గట్టిపడాలంటే డోసులన్నీ పడాలి.

కాబట్టి నా మనవి ఒక్కటే. ఇకపై కుక్క కాటు వార్త వేసిన ప్రతిసారీ దాని కింద బాక్సు కట్టి ఇది వేయండి: "కుక్క కరిస్తే వెంటనే పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, 28వ రోజు డోసు కూడా వేయించుకోండి."

– ఒక స్టాఫ్ నర్సు, ప్రకాశం జిల్లా