కోర్టులో కేసు ముగిసింది, స్టేషన్ రికార్డులో మాత్రం నడుస్తోంది: డీజీపీ గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర డైరెక్టర్ జనరల్ ఆఫ్ పోలీస్ గారికి,

నమస్కారం.

నేను వరంగల్ కోర్టుల్లో క్లర్కుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను. పరకాల, నర్సంపేట, హుస్నాబాద్ వైపు నుంచి, అప్పుడప్పుడు కోరుట్ల, మెట్‌పల్లి నుంచి తెలిసినవాళ్ల పిల్లలు కాగితాలు పట్టుకొని ఇంటికి వస్తుంటారు. వెనుకట బెయిలు గురించో, వాయిదా ఎప్పుడున్నదో కనుక్కోవడానికో వచ్చేవాళ్లు. ఇప్పుడు ఎక్కువమంది వస్తున్నది పీసీసీ కోసం, అంటే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కోసం. "సార్, కేసు ఎప్పుడో కొట్టేసిండ్రు కదా, మళ్లీ పోలీసు రిపోర్టు అడ్వర్స్ అని ఎందుకు పోయింది?" అని అడుగుతున్నారు. అడ్వర్స్ అంటే వ్యతిరేకంగా అని. దీనికి జవాబు చెప్పగలిగింది మీ శాఖే కాబట్టి ఈ లేఖ మీకు రాస్తున్నాను.

విషయం తెలియని పాఠకుల కోసం ముందు ఒక మాట. విదేశంలో ఉద్యోగానికో, దీర్ఘకాలం ఉండే వీసాకో పోయేవాళ్లు పాస్‌పోర్టు వెబ్‌సైట్‌లో ఐదు వందల రూపాయలు కట్టి పీసీసీకి దరఖాస్తు చేస్తారు. 2022 సెప్టెంబరు 28 నుంచి పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రాల్లోనూ ఈ దరఖాస్తులు తీసుకుంటున్నారు. అంతకుముందు నెలలోనే సౌదీ అరేబియా పని వీసాలకు పీసీసీ తప్పనిసరి చేయడంతో ఒక్కసారిగా జనం ఎగబడ్డారు. నవంబరు 17న సౌదీ ఎంబసీ భారతీయులకు ఆ నిబంధన ఎత్తేసింది. కువైట్‌కు పోయేవాళ్లకు మాత్రం ఇప్పటికీ కావాలి. దరఖాస్తు వెళ్లాక పాస్‌పోర్టు ఆఫీసు జిల్లా పోలీసులను అడుగుతుంది. స్పెషల్ బ్రాంచి వాళ్లు స్టేషన్ రికార్డు చూసి రిపోర్టు పంపుతారు. సర్టిఫికెట్‌లో ఉండేది దాదాపు ఒక్కటే వాక్యం: ఫలానా దేశం వీసాకు అనర్హుడిని చేసే వ్యతిరేక సమాచారం ఇతని మీద ఏదీ లేదు అని. అంటే వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. మధ్యలో వివరం రాసే చోటు ఆ వాక్యంలో లేదు.

అవతలి దేశం ఈ ఒక్క కాగితాన్నే ఎందుకు పట్టుకుంటుందో కూడా చెప్పాలి. బ్రిటన్‌లో ఆసుపత్రుల్లో, బళ్లలో పనిచేసేవాళ్లను డీబీఎస్ అనే సంస్థ ద్వారా తనిఖీ చేస్తారు. బేసిక్, స్టాండర్డ్, ఎన్‌హాన్స్‌డ్ అని దానిలో స్థాయిలున్నాయి. ఎంత పెద్ద స్థాయి తనిఖీ అయినా డీబీఎస్ చూసేది బ్రిటన్ రికార్డులే. వరంగల్‌లోనో జగిత్యాలలోనో ఏముందో దానికి కనిపించదు. అందుకే 2017 నుంచి వైద్యం, బోధన, సామాజిక సేవ ఉద్యోగాల వీసాలకు, గత పదేళ్లలో ఏడాది, అంతకు మించి నివసించిన ప్రతి దేశం నుంచి సర్టిఫికెట్ తెమ్మంటున్నారు. దుబాయ్‌లో ఐదేళ్లు చేసి వచ్చి ఇప్పుడు లండన్ పోదామనుకునే నర్సుకు రెండు చోట్ల నుంచీ కావాలి. ఆస్ట్రేలియాదీ ఇంచుమించు ఇదే లెక్క. కెనడా అయితే వరుసగా ఆరు నెలలున్నా అడుగుతుంది. మన పోలీసు ఏం రాస్తే అదే ఆ దేశాలు నమ్ముతాయి. ఇక్కడ స్టేషన్ రికార్డులు రాసే రైటర్ కంప్యూటర్‌లో మార్చకుండా వదిలేసిన ఒక్క గడి మీద అక్కడ ఒకరి ఉద్యోగం ఆధారపడి ఉంటుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. నర్సింగ్ చదివింది, ఐఈఎల్‌టీఎస్ పాసయింది, బ్రిటన్ ఆసుపత్రి ఇంటర్వ్యూలో సెలెక్టయింది. చాలా ఏళ్ల కింద వాళ్ల నాయినకు, పక్క చేను వాళ్లకు గెట్టు పంచాయితీ అయింది. అటువాళ్లు ఫిర్యాదులో ఇంటిల్లిపాది పేర్లూ రాయించారు. మన ఊళ్లలో ఇది మామూలే కదా. కొట్టారని, బెదిరించారని పాత ఐపీసీ 323, 506 సెక్షన్లు. అమ్మాయి ఏ-4, అంటే నాలుగో నిందితురాలు. కొట్లాట జరిగిన రోజు ఆమె హాస్టల్లో ఉందట. తర్వాత రెండు కుటుంబాలూ లోక్ అదాలత్‌లో రాజీపడ్డాయి, కేసు ముగిసింది. పీసీసీకి పెట్టుకుంటే స్టేషన్ నుంచి 'కేసులో ఉన్నది' అని రిపోర్టు పోయింది. ముగిసిందన్న మాట అందులో లేదు. కేసు ముగిసినట్టు కోర్టు ఇచ్చే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టి, అది తీసుకొని స్టేషన్‌కు, అక్కడి నుంచి స్పెషల్ బ్రాంచికి, మళ్లీ పాస్‌పోర్టు ఆఫీసుకు తిరిగింది. వీసాకు కావలసిన, ఆసుపత్రి ఇచ్చిన స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌ను మూడు నెలల్లో వాడుకోవాలి. ఆ టెన్షన్ తట్టుకోలేక వాళ్లమ్మ ఒక ఏజెంటుకు డబ్బు ఇవ్వబోతే నేనే ఆపాను. చివరికి పీసీసీ వచ్చింది. కానీ ఆమెతో పాటు సెలెక్టయిన పిల్లలు అప్పటికే పోయారు.

ఇందులో నాకు ఎక్కువ బాధ కలిగించేది లోక్ అదాలత్ సంగతి. జాతీయ లోక్ అదాలత్ తేదీ దగ్గర పడితే మీ కానిస్టేబుళ్లే ఫోన్లు చేసి "రండి, రాజీ చేసుకోండి, కేసు పోతుంది" అని పిలుస్తారు. ఎన్ని కేసులు పరిష్కరించామో మర్నాడు పత్రికల్లో ప్రకటన వస్తుంది. మంచి పనే, ఎన్నో ఏళ్లు నేను ఆ బల్లల దగ్గరే కూర్చున్నాను. రాజీపడిన కేసులో నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టే అని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 320వ సెక్షన్ చెప్పింది, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 359వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. పిలిచి రాజీ చేయించిన స్టేషనే, ఆ రాజీని తన రికార్డులో ఎక్కించకపోవడం ఏం న్యాయం?

ఎఫ్‌ఐఆర్ మాత్రమే ఉన్నవాళ్లది ఇంకో గోస. పాస్‌పోర్టు చట్టం, 1967లోని 6(2)(ఎఫ్) సెక్షన్ కింద పాస్‌పోర్టు నిరాకరించేది కోర్టు ముందు పెండింగ్‌లో ఉన్న కేసులకే. ఎఫ్‌ఐఆర్ నమోదై ఇంకా దర్యాప్తులో ఉన్న కేసులు దాని కిందికి రావని విదేశాంగ శాఖ 2019 అక్టోబరు 10నే మెమో ఇచ్చింది. ఇది పాస్‌పోర్టు సంగతి, పీసీసీకి నేరుగా వర్తించదని ఎవరైనా అనవచ్చు. సరే. కానీ కోర్టు కనీసం విచారణకు స్వీకరించని కేసునూ, శిక్ష పడిన కేసునూ ఒకే 'అడ్వర్స్' కింద రాస్తే పాస్‌పోర్టు అధికారి మాత్రం తేడా ఎలా కనుక్కుంటాడు?

బైండోవర్ గురించి కూడా ఒక మాట. ఎన్నికలొస్తే ఊళ్లో నలుగురైదుగురు కుర్రాళ్లను తహసీల్దారు ముందు నిలబెట్టి బాండు రాయిస్తారు. అది నేరం కాదు, ముందుజాగ్రత్త. మామూలుగా ఏడాదికి మించి ఉండదు కూడా. అదీ ఎంక్వైరీలో బయటికి వచ్చి గల్ఫ్ పోయేవాడి కాళ్లకు అడ్డం పడుతుంది.

నిజంగా నేరం చేసినవాళ్లను దాచిపెట్టమని నేను అడగడం లేదు. పిల్లల దగ్గర, రోగుల దగ్గర పనిచేసేవాళ్ల చరిత్ర తెలుసుకునే హక్కు ఏ దేశానికైనా ఉంటుంది. గొడవలకు పోతే వీసాలు రావని మీ అధికారులు కాలేజీ పిల్లలకు చెప్పే హెచ్చరిక కూడా సబబే. కానీ కోర్టు నిర్దోషి అన్నాక కూడా అది వెంటాడితే దాన్ని హెచ్చరిక అనలేం, శిక్ష అనాలి. ఆ శిక్ష వేసింది ఏ జడ్జీ కాదు. బ్రిటన్ పోలీసులు తమ దేశం విడిచి పోయేవాళ్లకు ఇచ్చే సర్టిఫికెట్‌లో, శిక్షలుంటే వాటిని వివరంగా రాస్తారు, ఏమీ లేకపోతే 'నో ట్రేస్' అంటారు. పాతబడిపోయిన చిన్న వాటికి 'నో లైవ్ ట్రేస్' అని వేరే మాట ఉంది. జర్మనీలో మొదటిసారి పడిన చిన్న జరిమానా ఆ దేశపు సర్టిఫికెట్‌లోకే రాదు. అమెరికాలో వేలిముద్రలిచ్చి, 18 డాలర్లు కట్టి ఎవరి రికార్డు వాళ్లు ఎఫ్‌బీఐ నుంచి తెప్పించుకోవచ్చు, తప్పుంటే సవాలు చేయవచ్చు. మన పిల్లగాడికి తన మీద స్టేషన్‌లో ఏం రాసి ఉందో తెలిసేది రిపోర్టు అడ్వర్స్‌గా వెళ్లిన తర్వాతే.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. ప్రతి కోర్టుకూ మీ డ్యూటీ కానిస్టేబుల్ రోజూ వస్తాడు. ఆ రోజు ముగిసిన కేసుల నంబర్లు, ఏ విధంగా ముగిశాయన్నది అతను రాసుకొనే పోతాడు. అది సాయంత్రానికి పోలీసు స్టేషన్ల కంప్యూటర్ రికార్డు అయిన సీసీటీఎన్‌ఎస్‌లో ఎక్కిందో లేదో చూసే బాధ్యత ఒక అధికారికి పేరుపెట్టి అప్పగించండి. కోర్టుల, పోలీసుల కంప్యూటర్లను కలిపే ఐసీజేఎస్ ఎలాగూ ఉంది. పీసీసీ రిపోర్టులో 'అడ్వర్స్' అనే ఒక్క మాటతో సరిపెట్టకుండా క్రైమ్ నంబరు, సెక్షన్, కేసు ఇప్పుడు ఏ స్థితిలో ఉందన్నది తప్పక రాయమని ఉత్తర్వు ఇవ్వండి. రిపోర్టు పంపే ముందు దరఖాస్తుదారుకు ఫోన్ చేసి, కోర్టు కాపీ ఉంటే చూపించమని అడగమనండి. పాస్‌పోర్టు వెరిఫికేషన్‌ను ట్యాబ్‌లతో రోజుల్లోకి తెచ్చిన శాఖ మీది, ఇది మీకు కష్టం కాదు.

పాత కేసులన్నీ ఒకేసారి సరిచేయడం కుదరకపోతే లోక్ అదాలత్ కేసులతో మొదలుపెట్టండి. వాటి జాబితాలు లోక్ అదాలత్‌లు నడిపే జిల్లా న్యాయసేవాధికార సంస్థల దగ్గర తేదీల వారీగా ఉన్నాయి. వరంగల్, హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ జాబితాలను ముందు తెప్పించండి. విదేశాలకు పోయేవాళ్లు ఈ జిల్లాల్లో చాలామంది ఉన్నారు.

ఇట్లు,
కోర్టు క్లర్కుగా రిటైరయిన ఒక హనుమకొండ వాసి