గడ్డ తీసేస్తే సరిపోదు, దవడ మళ్లీ కట్టాలి

ఎడిటర్ గారికి నమస్కారం. నోటి కాన్సర్ గురించి మీ పేపర్లో తరచూ రాస్తుంటారు, మంచిదే, కానీ ఆపరేషన్ అయ్యాక ఆ మనిషి ఎలా తింటాడన్నది ఎవరూ రాయట్లేదండీ. మా బాబాయికి కింది దవడలో అమెలోబ్లాస్టోమా అనే గడ్డ వచ్చింది, అది కాన్సర్ కాదు గానీ ఎముకని తినేస్తుంది, కొంచెం మిగిల్చినా మళ్లీ వస్తుంది, అందుకే చుట్టూ బాగున్న ఎముకతో సహా తీసేశారు, అంతటితో వదిలేశారు. మొహం ఒక పక్కకి లాగేసింది, అన్నం మెత్తగా పిసికి మింగడమే, చొంగ కారుతుందని పెళ్లిళ్లకి వెళ్లడం మానేశాడు.

ఖాళీ చిన్నదైతే తుంటి ఎముక ముక్క పెట్టొచ్చు, పెద్దదైతే కాలిలోని సన్న ఎముక ఫిబ్యులాని రక్తనాళాలతో సహా తీసి దవడ షేపులో అమర్చి మెడలోని నాళాలకి కలుపుతారు, 1989 నుంచి దవడకి ఇది చేస్తున్నారు, బరువు మోసేది పక్క ఎముక కాబట్టి నడక పోదు. ఎముకని పట్టి ఉంచడానికి ఒంట్లోనే కరిగిపోయే ప్లేట్లు కూడా ఉన్నాయి, మళ్లీ తీయక్కర్లేదు, పెరిగే పిల్లలకి మేలు, కాకపోతే నమిలే బరువుకి టైటానియం అంత గట్టివి కావు.

గడ్డ తీయడం, దవడ కట్టడం, పళ్లు పెట్టడం మూడూ ఒకే ట్రీట్‌మెంట్‌గా లెక్కేసి ప్రభుత్వమే ఖర్చు భరించాలి, పెద్దాసుపత్రులన్నిటిలో ఇలా సన్నని రక్తనాళాలు కలిపే మైక్రోసర్జరీ టీములు పెట్టాలి.

ఒక పాఠకురాలు, ఖమ్మం